లేని రద్దీకి లెక్కలు కట్టిన కథ

'దొంగలెక్క' అన్న మాట వింటేనే మన తరం ఉద్యోగులకు ఒళ్ళు మండుతుంది. రిజిస్టరులో లేని అంకె స్టేట్‌మెంటులోకి ఎక్కితే ఆడిట్ వారు ఊరుకోరు, పై అధికారి ఊరుకోడు, వ్రాసినవాడికి నిద్రా పట్టదు. అటువంటిది, లేని మనుషులు లేని కబుర్లు పంపుకున్నట్లు కోట్లకొద్దీ అంకెలు తయారుచేయడమే వృత్తిగా పెట్టుకున్న ఇంజనీర్లు ఉన్నారనీ, మన పెన్షను సొమ్ము నడిచే కంప్యూటర్ నెట్‌వర్కులు ఎంత బరువు మోయగలవో ఆ లెక్కలతోనే తేల్చుకుంటారనీ చెబితే మిత్రులు నమ్మకపోవచ్చు. వాటిని సింథటిక్ ట్రాఫిక్ డేటా అంటారు. మనం కృత్రిమ రద్దీ లెక్కలు అనుకుందాం. ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్రాయమని కార్యదర్శి గారు అడిగారు. రాజుల మీద, కోటల మీద వ్రాయగలవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు గనుక నేను ఈ లెక్కల చరిత్ర ఎంచుకున్నాను.

ఇటువంటి లెక్కల అవసరం ఎందుకు వచ్చిందో ముందు చెప్పుకోవాలి. ఒక రోడ్డు వెడల్పు చేయాలంటే దాని మీద ఇప్పుడు తిరిగే బండ్లను లెక్కపెట్టుకోవచ్చు. రోడ్డు పక్కన టెంటు వేసుకుని, కాగితాల మీద గీతలు గీస్తూ కూర్చున్నవారిని మీరూ చూసే ఉంటారు. కాని ఇంకా వేయని నెట్‌వర్కులో రద్దీని ఎక్కడ లెక్కపెడతారు? వేసిన నెట్‌వర్కు అయినా, రేపు పదింతల జనం వస్తే తట్టుకుంటుందా అని చూడడానికి నిజం జనాన్ని పిలవలేరు కదా. అందువల్ల రద్దీని తయారుచేసుకోవాలి. ఎలా తయారుచేస్తే అది అసలుకు దగ్గరగా ఉంటుంది అన్నదే నూరేళ్ళుగా నడుస్తున్న తగువు.

కథ టెలిఫోనుతో మొదలవుతుంది. ఏ.కె. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణిత ఉపాధ్యాయుడు 1908లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో చేరాడు. ఎక్స్‌చేంజీలో ఎన్ని లైన్లు ఉంటే ఎంతమందికి 'ఖాళీ లేదు' అన్న జవాబు వస్తుంది అన్నది ఆయన ముందున్న ప్రశ్న. లైన్లు ఎక్కువ పెడితే కంపెనీ సొమ్ము దండగ, తక్కువ పెడితే జనం తిట్లు. 1909లో ఆయన ప్రకటించిన వ్యాసం సారాంశం ఇది: ఫోను చేసేవారు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా చేస్తారు గనుక, కాల్స్ వచ్చే తీరు ఫ్రెంచి గణితజ్ఞుడు పాయిజాన్ చెప్పిన సూత్రానికి సరిపోతుంది. ఈ పాయిజాన్ సూత్రానికి అప్పటికే ఒక విచిత్రమైన సాక్ష్యం ఉంది. ప్రష్యా సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల ఇరవై ఏళ్ళ లెక్కలు తీసి, అవి కూడా ఆ సూత్రం ప్రకారమే ఉన్నాయని బోర్ట్‌కీవిచ్ అనే ఆయన 1898లో చూపించాడు. గుర్రం తన్నడానికీ, ఫోను మ్రోగడానికీ ఒకే గణితం అన్నమాట. 1917లో ఎర్లాంగ్ ఇచ్చిన సూత్రాన్ని చాలా దేశాల టెలిఫోను శాఖలు పట్టికలుగా అచ్చువేసుకుని వాడుకున్నాయి. ఒక లైను గంటసేపు ఆగకుండా పనిచేస్తే దానిని ఒక 'ఎర్లాంగ్' అని పిలవాలని 1946లో నిర్ణయించారు. ఆయన అప్పటికి పదిహేడేళ్ళ క్రితమే పోయాడు.

సూత్రం చిన్న ఎక్స్‌చేంజీకి సరిపోయింది గాని, స్విచ్చుల వెనుక స్విచ్చులు పెట్టి ఎక్స్‌చేంజీలు పెద్దవైన కొద్దీ కాగితం మీద లెక్క తెగలేదు. అప్పుడు కాల్స్‌ను కల్పించడం మొదలుపెట్టారు. ఏ నిమిషంలో ఎవరు ఎవరికి ఫోను చేశారు, ఎంతసేపు మాట్లాడారు అన్నది రాండమ్ నంబర్లతో, అంటే ఏ పద్ధతికీ లొంగకుండా గిలకొట్టిన అంకెలతో తేల్చి, ఆ కాల్స్‌ను నమూనా ఎక్స్‌చేంజీ మీద నడిపి, ఎన్ని ఆగిపోయాయో చూసేవారు.

ఆ గిలకొట్టిన అంకెలు ఎక్కడివి అని నాకు సందేహం వచ్చింది. వెదికితే మన గుమాస్తాల ప్రసక్తి తగిలింది. 1927లో లండన్‌లో టిప్పెట్ అనే సంఖ్యాశాస్త్రజ్ఞుడు 41,600 అంకెలతో ఒక పట్టిక ప్రచురించాడు. ఆ అంకెలన్నీ ఆయన జనాభా లెక్కల నివేదికల నుంచి ఏరుకున్నవే. ఏ ఊళ్ళోనో ఏ గుమాస్తాయో తప్పు లేకుండా ఎక్కించిన అంకెలు చివరకు 'ఏ క్రమమూ లేని అంకెలు'గా పనికివచ్చాయి. దీనికి సంతోషించాలో, నొచ్చుకోవాలో నాకు తెలియలేదు. తరువాత యంత్రాలు వచ్చాయి. అమెరికాలోని ర్యాండ్ సంస్థ 1955లో పది లక్షల అంకెలు నింపి ఒక పుస్తకమే అచ్చువేసింది.

అమెరికాలో బెల్ లాబొరేటరీస్ వారు ఈ పనికోసం ప్రత్యేకంగా ఒక యంత్రమే కట్టారు. దాని పేరు 'త్రోడౌన్ మెషీన్'. దాని వివరం 1953లో వారి పత్రికలో వచ్చింది. ఎక్స్‌చేంజీ కట్టకముందే, లేని చందాదారుల చేత, లేని కాల్స్ చేయించి చూసుకునే యంత్రం అది. రెండేళ్ళకు స్వీడన్‌లో అదే పని కంప్యూటరు మీద చేసి చూశారు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రోజు 1969లో వచ్చింది. ఇంటర్నెట్‌కు తాత అనదగిన అర్పానెట్ ఆ సంవత్సరం చివరకు నాలుగు చోట్ల పనిచేయసాగింది. అందులో మొదటిదైన లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయానికి, క్లైన్‌రాక్ అనే ఆచార్యుడి చేతికి, కొలతల పని అప్పగించారు. వాడేవారు అప్పటికి లేరు. ఉన్నది రద్దీని తయారుచేసి వదలడం, ఏమవుతుందో చూడడం. నెట్‌వర్కు యంత్రాలు తయారుచేసిన కంపెనీలో బాబ్ కాన్ అనే ఇంజనీరుకు, ఒక రకం రద్దీ వస్తే ఇది బిగుసుకుపోతుంది అని మొదటినుంచీ అనుమానం. తోటివారు అంతగా పట్టించుకోలేదు. 1970 మొదట్లో ఆయన, వాల్డెన్ అనే సహోద్యోగితో కలిసి లాస్ ఏంజిలిస్ వెళ్ళి, కల్పిత కబుర్లు గుప్పించి, నెట్‌వర్కును కొద్దిసేపట్లోనే బిగించి చూపించాడు.

అదెలా జరిగిందో మనకు సులువుగానే అర్థమవుతుంది. పెద్ద కబురును ముక్కలు చేసి పంపుతారు. వీటినే ప్యాకెట్లు అంటారు. అవతలి వైపు ముక్కలన్నీ చేరాక అతికి ఇస్తారు. సగం కాగితాలే వచ్చిన ఫైళ్ళతో బల్ల నిండిపోయిందనుకోండి. మిగతా సగం కాగితాలు తెచ్చిన జవాను వాటిని పెట్టడానికి చోటు లేక గుమ్మంలో నిలబడతాడు. అవి వస్తేగాని ఫైలు కదలదు, ఫైలు కదిలితేగాని చోటు దొరకదు. నిజం వాడకందార్లు వచ్చాక ఇది బయటపడి ఉంటే ఆ ప్రయోగం పరువు పోయేది. కల్పిత రద్దీ చేసిన మేలుకు ఇదే మొదటి పెద్ద ఉదాహరణ అని నా అభిప్రాయం.

అయితే తరువాత ఇరవై ఏళ్ళు ఒక విషయం ఎవరూ గట్టిగా తరచి చూడలేదు. టెలిఫోను నుంచి అరువు తెచ్చుకున్న పాయిజాన్ సూత్రంతోనే కంప్యూటర్ల రద్దీని కూడా కల్పిస్తూ వచ్చారు. లెక్క తేలిగ్గా తెగుతుంది, సమాధానం నున్నగా వస్తుంది. ఇక పేచీ ఏముంది?

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో బెల్‌కోర్ అనే టెలిఫోను పరిశోధన సంస్థ ఉండేది. అక్కడివారు 1989 ఆగస్టు నుంచి 1992 ఫిబ్రవరి వరకు తమ ఆఫీసు నెట్‌వర్కులో ప్రయాణించిన ప్యాకెట్లను, ఏ క్షణాన వెళ్ళిందో టైముతో సహా నమోదు చేశారు. సెకనును అతి చిన్న వంతుల దాకా కోసి వేసిన టైము అది. ఒక్కొక్క విడతకు కోట్ల సంఖ్యలో నమోదులు. ఇంత ఓపికగా రిజిస్టరు వ్రాసినవారంటే నాకు సహజంగానే గౌరవం. లేలండ్, తాక్కు, విల్లింగర్, విల్సన్ అనే నలుగురి పేర్లతో 1993లో వ్యాసం చదివారు, మరుసటి ఏడు పత్రికలో వచ్చింది. అందులో ఒక బొమ్మ ఉంది. ఎడమ వరుసలో నిజం రద్దీ, కుడి వరుసలో పాయిజాన్ సూత్రంతో కల్పించిన రద్దీ. పై గడిలో నూరు సెకన్లకు ఒక గీత, దాని కింద పది సెకన్లకు, ఆపైన ఒక సెకను, అలా సెకనులో నూరో వంతు దాకా అయిదు గళ్ళు.

కల్పిత లెక్క చిన్న కాలాలలో ఎగుడుదిగుడుగా ఉండి, కాలం పెంచి చూసినకొద్దీ చదునైపోయింది. ఎక్కువ తక్కువలు ఒకదానికొకటి చెల్లు అన్నమాట. నిజం రద్దీ చదును కాలేదు. సెకను చూసినా, నూరు సెకన్లు చూసినా అవే గుట్టలు, అవే లోయలు. రెండు వరుసలూ ఒకే నెట్‌వర్కువి అంటే ఎవరూ నమ్మరు.

తపాలు చూసిన మిత్రులకు దీనిలో వింత కనపడదు. నేను ఇన్‌వర్డ్ రిజిస్టరు వ్రాసిన కాలంలో సగటున రోజుకు ముప్పై కాగితాలు అని స్టేట్‌మెంటు పంపేవాళ్ళం. ముప్పై కాగితాలు వచ్చిన రోజు మాత్రం అరుదు. వారం రోజులు పదీ పన్నెండు, అసెంబ్లీ సమావేశాలు మొదలైతే రోజుకు తొంభై. ఒక కాగితం నాలుగు కాగితాలను వెంటబెట్టుకు వస్తుంది. జ్ఞాపిక, మళ్ళీ జ్ఞాపిక, దానికి జవాబు, ఆ జవాబుకు ఎన్‌క్లోజరు లేదని ఇంకొకటి. సిబ్బంది మంజూరు మాత్రం సగటును బట్టి.

ఇప్పుడు కథ ఒక్కసారిగా ఈజిప్టుకు వెళ్ళాలి, ఎందుకంటే ఆ గుట్టలకూ లోయలకూ తగిన గణితం అక్కడ పుట్టింది. హర్స్ట్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1906లో ఉద్యోగంమీద అక్కడికి వెళ్ళి, తన జీవితంలో అరవై ఏళ్ళకు పైగా నైలు నది లెక్కలతోనే గడిపాడు. నైలు నీటిమట్టాలు కైరో దగ్గర కొలమానం మీద కొన్ని వందల ఏళ్ళుగా నమోదై ఉన్నాయి. క్రీ.శ. 622 నుంచి ఉన్న లెక్కలవి. చెడ్డ ఏళ్ళలో కూడా నీరు ఇవ్వగలిగే ఆనకట్ట ఎంత పెద్దది కావాలి అన్నది ఆయన ప్రశ్న. ఏ ఏటి వాన ఆ ఏటిదే అనుకుంటే, నాలుగింతల కాలానికి రెండింతల నిలువ చాలు. హర్స్ట్ రికార్డులు చూస్తే అది చాలదు. దాదాపు రెండు ముప్పావు ఇంతలు కావాలి. ఎందుచేతనంటే మంచి ఏళ్ళు మంచి ఏళ్ళతో, కరువు ఏళ్ళు కరువు ఏళ్ళతో గుంపు కడతాయి. నది గతాన్ని అంత త్వరగా మరచిపోదు. 1951లో ఆయన ఈ సంగతి ప్రకటించాడు.

ఈ గుణాన్ని కల్పించి చూపడానికి హర్స్ట్ చేసిన పని మన సంఘం హాలులో సాయంత్రాలు పేకాడే మిత్రులకు తప్పక నచ్చుతుంది. కంప్యూటరు లేదు గనుక ఆయన 52 ముక్కల కట్ట చేయించుకున్నాడు. కూడిక ఒకటి, తీసివేత ఒకటి గుర్తులున్నవి పదమూడేసి. మూళ్ళు ఎనిమిదేసి, అయిదులు నాలుగేసి, ఏడులు ఒక్కొక్కటి. మామూలు ఏళ్ళు ఎక్కువ, అతివృష్టీ అనావృష్టీ తక్కువ అన్నమాట. కట్ట కలిపి, కోసి, వచ్చిన అంకె వ్రాసుకుని, మళ్ళీ కలిపితే పాత పద్ధతి లెక్క వస్తుంది. ఆయన ఇంకో మెలిక పెట్టాడు. ముందు ఒక ముక్క కోస్తాడు. అది కూడిక మూడు అనుకోండి. కట్టను రెండు చేతులుగా పంచి, ఒక చేతిలోని పెద్ద ముక్కలు మూడు రెండో చేతిలోకి వేసి, ఆ రెండో చేతిలోని చిన్న ముక్కలు మూడు తీసేస్తాడు. అందులో ఒక జోకరు కలుపుతాడు. ఇక ఆ మొగ్గు ఉన్న చేతినే కలుపుతూ, కోస్తూ, అంకెలు వ్రాసుకుంటూ పోతాడు. జోకరు పడిన రోజున ఆ చేయి చెల్లిపోయింది. మొత్తం కట్ట కలిపి కొత్త మొగ్గుతో మొదలు. జోకరు ఎప్పుడు పడుతుందో తెలియదు గనుక మంచి రోజులు ఎంతకాలమో, చెడ్డ రోజులు ఎంతకాలమో తెలియదు. అలా వ్రాసిన అంకెలు నైలు లెక్కలాగే ప్రవర్తించాయి.

1968లో మాండెల్‌బ్రాట్ అనే గణితజ్ఞుడు, వాలిస్ అనే ఆయనతో కలిసి ఈ గుణాలకు బైబిలు పేర్లు పెట్టాడు. ఏడేళ్ళ పంటలు, ఏడేళ్ళ కరువు చూసిన జోసెఫ్ పేరు గుంపు కట్టే గుణానికి, జలప్రళయం చూసిన నోవా పేరు ఊహకందని ఒక్క పెద్ద దెబ్బకు. (2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు అక్కడున్న మన సభ్యులకు ఈ రెండో దానిని విడమరచి చెప్పనక్కరలేదు.) బెల్‌కోర్ వ్యాసంలోని తాక్కు ఈ మాండెల్‌బ్రాట్ దగ్గర పరిశోధన చేసిన శిష్యుడు. నైలు లెక్క న్యూజెర్సీ చేరిన దారి అది. గుంపు కట్టే గుణం లేకపోతే హర్స్ట్ పేరిట ఉన్న సంఖ్య 0.5 వస్తుంది. నదుల్లో సగటున 0.73. బెల్‌కోర్ నెట్‌వర్కులో అది 0.8, 0.9 మధ్య ఉంది. నది కంటే మొండి రద్దీ.

దీనివల్ల ప్లానింగులో ఏమి మారింది? పాత లెక్క ప్రకారం, ప్యాకెట్లు ఆగి వేచి ఉండే చోటును కాస్త పెంచితే చాలు, పోయే ప్యాకెట్లు చప్పున తగ్గిపోవాలి. అసలు రద్దీలో ఆ చోటు ఎంత పెంచినా త్వరగా తగ్గవు. గుట్ట వచ్చిందంటే ఎంత చోటైనా నిండుతుంది. లైను నిండా వాడుకోవచ్చు అనుకున్నచోట ముందే ఆలస్యాలు మొదలవుతాయి. అంటే కల్పిత లెక్కను నమ్మి పరికరాలు కొన్నవారు తక్కువ కొన్నారు. లెక్కలో ఒక్క కూడిక తప్పు లేదు. తప్పు అంతా 'ఎవరితో ఎవరికీ సంబంధం లేదు' అన్న మొదటి వాక్యంలో ఉంది.

ఎర్లాంగ్‌ను అంతటితో కొట్టివేయడం కూడా న్యాయం కాదు. 1995లో పాక్సన్, శాలీ ఫ్లాయిడ్ అనే ఇద్దరు దూరప్రాంత నెట్‌వర్కుల రికార్డులు పరిశీలించి, మనుషులు వచ్చి పని మొదలుపెట్టే తీరు గంట గంటకూ చూస్తే పాయిజాన్ సూత్రానికి బాగానే సరిపోతుందని తేల్చారు. సరిపోనిది ఆ పైన ప్యాకెట్లు వెళ్ళే తీరు. ఒకడు వచ్చి రెండు ముక్కలు చదివి పోతాడు, ఇంకొకడు వచ్చి గ్రంథాలయమంతా మోసుకుపోతాడు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల వెబ్ వాడకం మీద క్రొవెల్లా, బెస్టావ్రోస్ 1996లో ప్రచురించిన పరిశోధన చూపింది కూడా ఇదే. ఫైళ్ళలో ఎక్కువ భాగం చిన్నవి, బరువంతా కొద్దిపాటి పెద్దవాటిది. 1998లో అక్కడే తయారైన సర్జ్ అనే ప్రోగ్రాము ఫైళ్ళ సైజులనే కాదు, మనిషి పేజీ చదువుతూ ఊరుకునే విరామాన్ని కూడా కల్పించింది.

ఏ ఊరికీ ఏ ఊరికీ మధ్య ఎంత రద్దీ అన్నది మరో శాఖ. రెండు ఊళ్ళ బరువులను గుణించి పంచే గురుత్వాకర్షణ పద్ధతి రోడ్ల వారు, టెలిఫోన్ల వారు ఎప్పటినుంచో వాడినదే. 2003లో ఏటీ అండ్ టీ పరిశోధకులు దానినే మొదటి అంచనాగా తీసుకుని, లైన్ల మీది కొలతలతో సరిచూసి, ఇంటర్నెట్‌కు వాడుకున్నారు.

ఇంత చరిత్ర తెలిశాక కూడా జరిగినది ఒకటి చెప్పాలి. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే వెబ్‌సైటును 2013 అక్టోబరు 1న తెరిచింది. ముప్పై ఆరు రాష్ట్రాల జనానికి అదే గుమ్మం. ఒకేసారి యాభై, అరవై వేలమంది వస్తారని అంచనా కట్టామని, రెండున్నర లక్షలమంది వచ్చారని అధికారులు తరువాత చెప్పారు. మొదటి రోజు బీమా నమోదు పూర్తిచేసుకోగలిగినవారు ఆరుగురు. లక్షలు కాదు, వేలు కాదు, ఆరుగురు. కల్పిత రద్దీతో పరీక్ష చేయలేదా అంటే చేశారు. ప్రారంభానికి కొద్దిరోజుల ముందే, కొన్ని వందలమంది ఒకేసారి వచ్చినట్లు కల్పించి చూస్తే అందులోని ముఖ్యభాగం కూలిపోయిందని వాషింగ్టన్ పోస్ట్ ఆ నెలలోనే వ్రాసింది. దొంగలెక్క నిజం చెప్పింది, తేదీ మాత్రం మారలేదు. అక్కడ వరుసలో నిలబడ్డవారిలో జబ్బు మనుషులున్నారు. డిసెంబరు నాటికి యాభై వేలమందిని ఒకేసారి తట్టుకునేట్లు సరిచేశారు.

మన సంగతికి వస్తే, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల నవంబరు. కంప్యూటరు ద్వారా వేలిముద్రతో ఇచ్చే జీవన్ ప్రమాణ్ 2014 నవంబరులో మొదలైంది. ఎనభై దాటినవారికి 2019 నుంచి అక్టోబరులోనే ఇచ్చే వెసులుబాటు కల్పించారు. పెద్దవారి సౌకర్యానికి చేసినదైనా, రద్దీ లెక్కల కళ్ళతో చూస్తే గుట్టను కొంత కోసి లోయలో పోసినట్లు కూడా అయింది. ఇటువంటి పనికి ఏడాది సగటును పన్నెండుతో భాగించి సర్వర్లు కొంటే ఏమవుతుందో ఇన్‌వర్డ్ రిజిస్టరు చూసినవారెవరైనా చెప్పగలరు.

కల్పించడం ఎందుకు, పోయిన నవంబరు అసలు రికార్డునే పరీక్షకు ఇవ్వవచ్చు కదా అని మా అబ్బాయి అడిగాడు. మన పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, ఎవరు ఎప్పుడు ఎక్కడినుంచి లాగిన్ అయ్యారు అన్నవి కాంట్రాక్టరు చేతికి పోవడం మనకు క్షేమం కాదు. పేర్లు కొట్టివేసినా చాలదు. 2006లో ఏఓఎల్ అనే అమెరికా కంపెనీ దాదాపు ఆరున్నర లక్షలమంది వెదుకులాటల రికార్డును, పేర్ల బదులు నంబర్లు వేసి, పరిశోధకుల కోసం బయటపెట్టింది. కొద్దిరోజుల్లోనే పత్రికలవారు ఆ వెదికిన మాటలను బట్టి ఒక మనిషి ఇంటికే వెళ్ళారు. అందుకే ఇప్పుడు అసలు రికార్డును యంత్రానికి చూపి, దాని పోలికలతో కొత్తది వ్రాయించే పద్ధతులు వచ్చాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారు 2020లో ప్రకటించినది అటువంటిదే. దానిలోనూ ఒక చిక్కుంది. చూపిన రికార్డు చిన్నదైతే యంత్రం కొత్తది కల్పించే బదులు పాత వరుసలనే కంఠతా పట్టి అప్పజెబుతుంది. కనుక కల్పిత రికార్డు చేతికి వచ్చాక, అందులో నిజం మనిషి ఎవడైనా దూరాడేమోనని అసలు రిజిస్టరు పక్కన పెట్టుకుని వరుస వరుసా సరిచూసే పని ఇంకా మిగిలే ఉంది.